నిలబెట్టిన అట్ట

ఆ ఇంట్లో అతన్ని అందరూ సోఫా అని పిలిచేవారు. మనిషికి పెట్టడానికి అంతకన్నా మంచి పేరు దొరకలేదా అంటే, దొరికేదే. కానీ వచ్చిన మొదటిరోజే అతను షెడ్డులో కడుపు చీరుకుపోయి పడున్న ఒక పాత సోఫా ముందు గొంతుక్కూర్చుని, లోపల చెయ్యి పెట్టి స్ప్రింగులు తడిమి, "ఎవడో చేతకానివాడు కుట్టాడు దీన్ని" అన్నాడు. ఆ ఇంట్లో అతను ఆడిన మొదటి మాట అదే. అంతకుముందు టీచరమ్మ వయసు అడిగినా, జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగినా, ఏం పని వచ్చని అడిగినా తల ఊపి ఊరుకున్నాడు. దాంతో పేరు ఖాయమైపోయింది. తమాషా ఏమిటంటే సోఫా అనే ఆ మనిషి సోఫాలో కూర్చోగా ఎవరూ చూడలేదు. ఆ మాటకొస్తే మంచం మీద పడుకోగానూ చూడలేదు. గదిలో మంచం పక్కకి నెట్టేసి, గుమ్మానికి అడ్డంగా నేలమీద పడుకునేవాడు.

రోడ్డు మీద బతికినవాళ్ళు కలిసి బతికే ఇల్లు అది. జనం వద్దనుకున్న పాత సామాన్లు వ్యానులో తెచ్చుకుని, షెడ్డులో బాగుచేసి, ముందు గదిలో అమ్ముతారు. అందరూ ఒకే బల్ల దగ్గర తింటారు. స్కూల్లో చాలాకాలం పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ ఆ ఇల్లు నడిపేది. ఆవిడ పెట్టిన నియమాల్లో ఒకటి కుర్చీ. కొత్తగా వచ్చినవాళ్ళు షెడ్డులోంచి విరిగిన కుర్చీ ఒకటి ఏరుకుని, తామే బాగుచేసుకుని, భోజనాల బల్ల దగ్గర వేసుకోవాలి. అది అయ్యేదాకా స్టూలే గతి.

షెడ్డుకి ఇంకో పద్ధతి ఉండేది. గోడకి నిలబెట్టిన సామాను పనికిరాదని లెక్క. ఎవరైనా విరగ్గొట్టి చెక్క తీసుకోవచ్చు. నేలమీద పడుకోబెట్టి పైన గుడ్డ కప్పిన సామాను ఎవరిదో అని లెక్క, దాన్ని ముట్టుకోకూడదు. సోఫాకి ఈ పద్ధతి ఒంటబట్టడానికి చాలా రోజులు పట్టింది. ఎందుకంటే అతను వచ్చిన చోట లెక్క దీనికి సరిగ్గా తలకిందులు.

అతను వచ్చిన చోటు మూతబడ్డ బ్యాంకు ముందున్న ఫుట్‌పాత్. అంతకుముందు అతనికీ ఒక చిన్న కొట్టు ఉండేది; కుర్చీలకి, సోఫాలకి పీచు, స్పాంజి కూరి రెక్సిన్ బిగించేవాడు. భార్య జబ్బుచేసి పోయాక తాగుడు మొదలైంది, తాగుడుతో కొట్టు పోయింది, కొట్టుతో పాటు ఇల్లూ పోయింది. చుట్టాలు మొదట జాలిపడ్డారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత తలుపు తియ్యడం మానేశారు. ఇందులో కొత్తేమీ లేదు, రోడ్డు మీద పడ్డవాళ్ళలో చాలామంది ఇదే కథ కాస్త అటూ ఇటూగా చెబుతారు.

బ్యాంకు మెట్ల పక్కన అక్క ఉండేది. తోడబుట్టిన అక్క కాదు. అతను అక్కడ మొదటిసారి వణుకుతూ కూర్చున్నప్పుడు, ఒక పెద్దావిడ ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె విప్పి, అందులో సగం చింపి అతని మీదకి విసిరింది. "చలి నేలలోంచి వస్తుంది, గాలిలోంచి కాదు. కింద వేసుకో. తాగొచ్చి నా పక్కన కక్కావంటే మాత్రం తన్ని తగలేస్తా" అంది. ఆ తిట్టుతోనే ఆవిడ అతనికి అక్క అయిపోయింది. అక్కకి భయపడి మొదట తాగుడు తగ్గించాడు, తర్వాత అక్క మీద గౌరవంతో మానేశాడు.

ఆ ఫుట్‌పాత్ మీద చట్టం ఒక్కటే. పొద్దున లేవగానే ఎవరి అట్ట వాళ్ళు గోడకి నిలబెట్టి వెళ్ళాలి. నిలబడి ఉంటే మనిషి తిరిగొస్తాడని అర్థం, ఆ చోటు జోలికి ఎవరూ పోరు. ఎవరైనా పోయినా, ఇక రాకుండా వెళ్ళిపోయినా అట్ట పడుకోబెట్టేస్తారు. అప్పుడా చోటు ఎవరికైనా సరే. చదువు రానివాళ్ళకి, తాళం లేనివాళ్ళకి, ఒకరినొకరు పేరడగని వాళ్ళకి అదే తలుపు, అదే గొళ్ళెం.

టీచరమ్మ వ్యాను దిగి వచ్చిన రోజున ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది ఒక్క గదే. అతనికి అప్పటికి దగ్గు ఛాతీలో దిగి కూర్చుంది.

"ఇద్దరిలో ఎవరొస్తారు?" అంది టీచరమ్మ.

"వీడొస్తాడు," అంది అక్క.

"నువ్వెళ్ళక్కా. నీ మోకాళ్ళు చూడు."

"నా మోకాళ్ళకేం, అరిగినా నన్ను మోస్తున్నాయి. నీ దగ్గు వింటుంటే నాకు నిద్ర పట్టట్లేదు. నువ్వెళ్తే నేను హాయిగా పడుకుంటా." వ్యాను ఎక్కబోతుంటే చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "ఇలాంటి ఇళ్ళవాళ్ళు ఎన్నాళ్ళు ఉంచుకుంటారో చెప్పలేం. నీ అట్ట నిలబెట్టే ఉంచుతా. గెంటేస్తే ఇక్కడికే రా. ఇంకో గది ఖాళీ అయితే చెప్పు, నేనొస్తా. అప్పటిదాకా ఊరికే తిరుగుతూ రాకు. వస్తే నీకు అక్కడ కాలు నిలవదు."

అతను అక్కడ కాలు నిలదొక్కుకున్నాడు. దగ్గు తగ్గింది. చేతులకి పాత పని గుర్తొచ్చింది. దబ్బనం పట్టుకుంటే వేళ్ళు వాటంతటవే నడిచేవి. కానీ అక్క సంగతి మాత్రం చాలాకాలం నోరు విప్పి చెప్పలేదు. అన్నం పెట్టి, పడక ఇచ్చినవాళ్ళని అప్పుడే ఇంకొకటి అడగాలంటే మొహమాటం అడ్డొచ్చింది. అతను అలా నోరు మూసుకుని ఉండగానే పక్క గది ఒకటి ఖాళీ అవడమూ, అందులోకి ఇంకెవరో రావడమూ అయిపోయింది. ఆ రోజు అతను అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. టీచరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు.

"ముందే చెప్పొచ్చుగదయ్యా," అంది ఆవిడ నొచ్చుకుంటూ. "సరే, ఈసారి ఖాళీ అయ్యే గది మీ అక్కదే. మాట ఇస్తున్నా."

అప్పట్నుంచీ వ్యాను బ్యాంకు వైపు వెళ్ళినప్పుడల్లా సోఫా కిటికీ పక్కన కూర్చునేవాడు. అక్క దిగొద్దని చేత్తోనే సైగ చేసేది. ఆవిడ పక్కన గోడకి అతని అట్ట నిలబడి ఉండేది, వానకి మూలలు నాని, అయినా నిటారుగా. డ్రైవరు నవ్వేవాడు. "నీకు రెండిళ్ళు సోఫా. మాలో ఎవరికీ లేదు అంత భాగ్యం."

చివరికి వంటమనిషికి తన కూతురి దగ్గర చోటు దొరికి వెళ్ళిపోవడంతో ఒక గది ఖాళీ అయింది. సోఫాకి కాళ్ళు నేలమీద ఆనలేదు. గది కడిగాడు. మంచానికి పట్టీలు కొత్తవి బిగించాడు. కుర్చీ ఎవరిది వాళ్ళే చేసుకోవాలన్న నియమాన్ని టీచరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. షెడ్డులో ఒక చేతుల కుర్చీ ఉంటే, అక్క మోకాళ్ళకి తగ్గట్టు కాళ్ళు కోసి పొట్టి చేశాడు. లేచేటప్పుడు పట్టుకోవడానికి చేతులకి మెత్త పెట్టి కుట్టాడు. మిగిలిన గుడ్డలన్నీ ఏరి, అంచులు మడిచి, ఒక మందపాటి దుప్పటి కూడా కుట్టాడు. కుర్చీ పూర్తయ్యాక పద్ధతి ప్రకారం పడుకోబెట్టి గుడ్డ కప్పాడు, ఎవరూ ముట్టుకోకుండా.

మర్నాడు వ్యానులో బీరువా ఒకటి తెచ్చేటప్పుడు దారిలో బ్యాంకు దగ్గర ఆపించాడు. జడివాన. ఫుట్‌పాత్ మీద నరపురుగు లేదు. అక్క కాలికి కట్టు ఉండటం ఈమధ్యే వ్యాను కిటికీలోంచి చూశాడు, అది మార్పించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళి ఉంటుంది. మూల మీద చెప్పులు కుట్టే ఆయన కూడా టార్పాలిన్ చుట్టేసి ఎక్కడికో పోయాడు. గోడకి రెండు అట్టలూ నిలబడి ఉన్నాయి, అక్కది, అతనిది.

కాసేపు మెట్ల మీద నిలబడ్డాడు. డ్రైవరు హారను కొట్టాడు. "బీరువా నానిపోతోందయ్యా. రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్దాంలే మీ అక్కని."

అదీ నిజమే. ఒక్క రాత్రేగా అనుకున్నాడు. అయినా ఏమీ ఇవ్వకుండా వెళ్ళడానికి మనసొప్పలేదు. ఇక తనకి అవసరం లేని తన అట్టని మెట్ల కింద తడవని చోట పడుకోబెట్టాడు. దాని మీద తను కుట్టి తెచ్చిన దుప్పటి నాలుగు మడతలు వేసి పెట్టి, ఎగిరిపోకుండా ఇటుక ఉంచాడు. నీ కోసం పెట్టాను, ఎవరూ ముట్టుకోకూడదు. అతని చేతులు చెప్పిన మాట అదే. షెడ్డు నేర్పిన మాట. ఆ చేతులు ఎప్పుడు మారిపోయాయో అతనికే తెలియలేదు. వ్యాను ఎక్కి, దారి పొడుగునా ఈల వేస్తూనే ఉన్నాడు.

తెల్లవారి వెళ్ళేసరికి వాన వెలిసింది. అక్క లేదు. అక్క అట్టా లేదు, అతని అట్టా లేదు. ఆ చోట ఎవరో కొత్త మనిషి కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు.

"నిన్న చీకటిపడే వేళకి వచ్చింది," అన్నాడు చెప్పులు కుట్టే ఆయన, తల వంచుకుని పని చేసుకుంటూనే. "పడుకోబెట్టిన నీ అట్ట చూసి నిలబడిపోయింది. ఎవరు చేశారని నన్నడిగింది. నేను చూళ్ళేదన్నా. దుప్పటి తీసి అంచు తడిమింది. ఇది మావాడి కుట్టే అంది. కాసేపు కూర్చుంది. పోనీలే, ఇక రానని చెప్పేసి వెళ్ళాడు, చెప్పకుండా పోయేవాళ్ళకన్నా నయం, అంది. తర్వాత అన్నీ చుట్టుకుని పోయింది."

"ఎటు?"

"నేనడగలేదు. ఆవిడ చెప్పేలాగా లేదు."

సోఫాకి అప్పుడు అర్థమైంది తను చేసిందేమిటో. ఆ ఫుట్‌పాత్ మీద అన్నాళ్ళు బతికి, ఆ చట్టంతోనే కాపురం చేసి, తన చేతులతో తనే తలుపు వేసి వచ్చాడు. పైగా మీద దుప్పటి పెట్టి, సాగనంపినట్టు. ఆ మెట్ల మీదే కూలబడి తల బాదుకున్నాడు. డ్రైవరు వచ్చి రెక్క పట్టుకుని లేపాల్సి వచ్చింది.

ఆ తర్వాత వెతకని చోటు లేదు. రైల్వే స్టేషను, మార్కెట్టు వెనక షెడ్లు, వంతెనల కింద, ఉచితంగా అన్నం పెట్టే చోట్లు, ఆస్పత్రి వరండాలు. రోడ్డు మనిషి ఎక్కడెక్కడ తలదాచుకోగలదో అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు. పని మానేసి తిరిగాడు. టీచరమ్మ అక్క కోసం గదికి తాళం వేసి ఉంచింది. కానీ చలికాలం ముదిరింది. బయట వరండాలో మనుషులు గడ్డకట్టుకుపోతుంటే లోపల ఒక మంచం ఖాళీగా ఉంచడం ఆవిడ వల్ల కాలేదు. ఒకరోజు అతన్ని పిలిచి, తాళంచెవి చేతిలో తిప్పుకుంటూ నిలబడింది.

"ఇచ్చెయ్యండమ్మా," అన్నాడు అతనే. "అక్క ఉన్నా అదే అనేది."

గది ఇంకొకరిది అయింది. కుర్చీ మాత్రం అతను ఇవ్వలేదు. తన కుర్చీ పక్కనే బల్ల దగ్గర వేసుకున్నాడు. పొట్టి కుర్చీ, మెత్త చేతులది. అందులో ఎవరూ కూర్చునేవారు కాదు. కొత్తవాళ్ళు తెలియక కూర్చోబోతే పక్కవాళ్ళు మోచేత్తో పొడిచేవారు.

చలి పోయి ఎండలు వచ్చాయి. ఇంటి వెనక వీధి దాటితే ఇంకో సందు ఉంది. వ్యాను పట్టని ఇరుకు సందు, అందుకని అటు ఎవరూ పోయేవారు కాదు. అక్కడ మూసేసిన మందుల షాపులో అద్దాల అలమరాలు ఉన్నాయి, తీసుకుపొమ్మని కబురొచ్చింది. సోఫా, డ్రైవరు తోపుడుబండి తోసుకుంటూ వెళ్ళారు.

షాపు షట్టరు పక్కన, రేకుల చూరు కింద, గోడకి ఒక అట్ట నిలబడి ఉంది. దాని పక్కన ఇంకో అట్ట నేలమీద పడుకుని ఉంది. సోఫా బండి వదిలేశాడు.

ఎదురుగా ఇస్త్రీ చేసుకుంటున్న ఆవిడ అతని వాలకం చూసి పెట్టె పక్కన పెట్టింది. "ఏంటన్నా, ఏమైంది?"

"ఇక్కడ ఎవరుండేవారమ్మా?"

"ఒక పెద్దామె. పాపం చలికాలంలో పోయింది. రాత్రి పడుకుంది, పొద్దున లేవలేదు. మున్సిపాలిటీ వాళ్ళొచ్చి తీసుకుపోయారు." ఆవిడ పడుకున్న అట్ట వైపు చూపించింది. "అది నేనే పడుకోబెట్టా. ముందే చెప్పి పెట్టింది నాకు. నేను లేవకపోతే నా అట్ట పడుకోబెట్టు, అదే మా పద్ధతి, అని. కానీ రెండోదాని మీద చెయ్యి వెయ్యకు, దాని మనిషి పనికెళ్ళాడు అంది."

సోఫా వంగి, నిలబెట్టిన అట్ట మూల తడిమాడు. డ్రైవరే అడిగాడు. "ఎవరట ఆ మనిషి?"

"వాళ్ళ తమ్ముడట. ఆ చివర పచ్చ గేటు ఇల్లుంది చూశారా, పాత సామాన్లు అమ్ముతారే, అక్కడ పెద్ద పనివాడట. సాయంత్రం పూట ఆ మూల దాకా వెళ్ళి, గేటు కనపడేలా కూర్చుని వచ్చేది. ఇవాళ మావాడు నవ్వుతున్నాడు, ఇవాళ మావాడు చిక్కిపోయినట్టున్నాడు అని చెప్పేది. మరి లోపలికెళ్ళి పలకరించొచ్చుగా అంటే ససేమిరా అనేది. వాడు ఇప్పుడిప్పుడే మనిషవుతున్నాడు, నన్ను చూస్తే అన్నీ వదిలేసి వెనకాలే వచ్చేస్తాడు, ఒట్టి వెర్రివాడు అనేది. మళ్ళీ తనే, ఒకవేళ వాళ్ళు గెంటేస్తే వాడు ఎక్కడ పడుకుంటాడు, దగ్గర్లో చోటు పట్టి ఉంచాలి కదా అనేది."

ఇస్త్రీ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఒక దుప్పటి ఉండేదిలే. ముక్కలు ముక్కలు కలిపి కుట్టినది. ఒకసారి దాన్ని ఉతికి తెచ్చి, ఇస్త్రీ చెయ్యమంది. రోడ్డు మీద పడుకునే దుప్పటికి ఇస్త్రీ ఏంటి పెద్దమ్మా అని నవ్వా. మా తమ్ముడు కుట్టాడు, నలిగిపోతే బావుండదు అంది. దాంట్లోనే చుట్టి తీసుకుపోయారు."

ఊరంతా తిరిగాడు అతను. వంతెనలన్నీ, స్టేషన్లన్నీ. అక్క అతని ఇంటి వెనక సందులోనే ఉంది. అతను పొద్దున్నే వెతకడానికి వ్యాను ఎక్కి వెళ్తుంటే, బహుశా ఆ మూల నుంచి చూసి, పనికి పోతున్నాడని మురిసిపోయి ఉంటుంది. నిలబెట్టిన అట్ట పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని బావురుమన్నాడు. భార్య పోయినప్పుడు కూడా అతను అలా ఏడవలేదు. అప్పుడు తాగి ఉన్నాడు. డ్రైవరు బండి మీద చెయ్యి వేసి, అటు తిరిగి నిలబడ్డాడు. అలమరాల సంగతి ఆ రోజుకి ఎవరూ ఎత్తలేదు.

రెండు అట్టలూ ఇంటికి తెచ్చాడు. షెడ్డులో పెట్టలేదు, అక్కడ ఎలా పెట్టినా తప్పు అర్థమే వస్తుంది. తన గదిలో, వాడని మంచం కింద దాచాడు.

కొన్నాళ్ళకి టీచరమ్మ ఇంకొకర్ని తీసుకొచ్చింది. గడ్డం మాసి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, భోజనాల గదిలో స్టూలు అంచున కూర్చున్నాడు. వయసు అడిగితే తల ఊపాడు. జబ్బులేమైనా ఉన్నాయా అంటే తల ఊపాడు. ఏం పని వచ్చంటే తల ఊపి, తలుపు వైపు చూశాడు.

షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చిన సోఫా అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అక్కడ నీ పక్కన ఎవరు పడుకునేవారు?"

కొత్తమనిషి మొదటిసారి తలెత్తాడు.

"ఒక ముసలాయన," అన్నాడు. "కళ్ళు సరిగ్గా కనపడవు. నేనే రోడ్డు దాటించేవాణ్ణి. గది ఒక్కటే ఉందన్నారుగా అమ్మగారు, అందుకని ఆయన నన్నే వెళ్ళమన్నాడు."

సోఫా లేచాడు. మేకుకి తగిలించి ఉన్న వ్యాను తాళాలు తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు. టీచరమ్మ కంగారుగా, "అది కాదయ్యా, తీసుకొస్తే ఎక్కడ పడుకోబెడతాం, చోటేదీ?" అంది.

"నా గదిలో మంచం ఉంది కదమ్మా," అన్నాడు. "నేనొచ్చిన రోజు నుంచీ ఖాళీగానే ఉంది."